37 సెకన్ల ప్రయాణం

ఈ వారం మేము ఒక చిన్న విమానం చరిత్ర చెప్పాలనుకుంటున్నాము. మన సంఘంలో విమానమెక్కినవారు కొద్దిమందే. కానీ బిడ్డలు గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న ఇళ్లలో "విమానం" అనే మాట వార్తల్లో వినబడితే చాలు, తల్లి చేతిలోని పని ఆగిపోతుంది. కనుక ఇది మనకు సంబంధం లేని కథ అనుకోవద్దు.

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో విచిటా అనే పట్టణముంది. అక్కడి బీచ్‌క్రాఫ్ట్ కంపెనీ తయారుచేసిన బీచ్ 1900 విమానం 1982లో మొదటిసారి ఎగిరింది. అందులో ప్రయాణికుల సీట్లు 19. ఎందుకు 19 అంటే, అంతకు మించితే ప్రయాణికులను చూసుకోవడానికి ఒక అటెండెంట్‌ను పెట్టాలని అక్కడి చట్టం. చిన్న ఊళ్లనుంచి పెద్ద విమానాశ్రయానికి జనాన్ని చేరవేసే బండి ఇది, మన పల్లెవెలుగు బస్సు లాంటిది. మొదటి రకంలో నడుము వంచి నడవాలి. తరువాత కప్పు ఎత్తు పెంచి, మనిషి నిలబడగలిగేలా 1900డి అనే రకం తెచ్చారు. అన్ని రకాలూ కలిపి దాదాపు 700 విమానాలు తయారయ్యాయి. 2002లో తయారీ ఆగింది. మొత్తంమీద మంచి పేరున్న విమానమే.

అదే విచిటాలో 1965లో ఎయిర్ మిడ్‌వెస్ట్ అనే సంస్థ పుట్టింది. దాని మొదటి పని ఏమిటో తెలుసా? ఒకే ఒక చిన్న సెస్నా విమానంలో మృతదేహాలను చేరవేయడం. ఆ తరువాతే ప్రయాణికులను ఎక్కించుకుంది. 2003 నాటికి దాని విమానాలు యూఎస్ ఎయిర్‌వేస్ ఎక్స్‌ప్రెస్ పేరుతో తిరుగుతున్నాయి. టికెట్ మీద ఒకరి పేరు, నడిపేది మరొకరు, మరమ్మతుల కాంట్రాక్టు ఇంకొకరిది, మెకానిక్‌లను పంపేది వేరొకరు. ఇన్ని చేతులు మారిన పనిలో "ఇది నా పని" అనేవాడు ఎవడు?

2003 జనవరి 8, బుధవారం ఉదయం. నార్త్ కరోలినాలోని షార్లెట్ విమానాశ్రయం. దక్షిణ కరోలినాలోని గ్రీన్‌విల్-స్పార్టన్‌బర్గ్‌కు వెళ్లే 5481 నంబరు విమానంలో 19 సీట్లూ నిండాయి, సామాను గది కూడా నిండింది. పైలట్లు ఇద్దరు, కెప్టెన్ అమ్మాయి వయసు 25. రన్‌వే విడిచిన వెంటనే ముక్కు పైకి లేవసాగింది. ఇద్దరూ కలిసి కంట్రోలును ముందుకు నెట్టారు. ముక్కు దిగలేదు, ఇంకా లేచింది. దాదాపు 1,150 అడుగుల ఎత్తులో రెక్కలకు గాలి పట్టు తప్పింది, విమానం విమానాశ్రయంలోని ఒక హ్యాంగర్ పక్కనే కూలి మంటల్లో కాలిపోయింది. నేల విడిచి 37 సెకన్లే. 21 మందిలో ఒక్కరూ మిగలలేదు.

దర్యాప్తు ఏడాదికి పైగా సాగింది. రెండు రాత్రుల ముందు, వెస్ట్ వర్జీనియాలోని హంటింగ్టన్‌లో ఈ విమానానికి మరమ్మతు జరిగింది. విమానం ముక్కును పైకీ కిందికీ తిప్పేది తోకలోని ఎలివేటర్. పైలట్ చేతినుంచి దానికి ఉక్కు తీగలు వెళ్తాయి. వాటి బిగువు సరిచేసే మరలను ఆ రాత్రి తిప్పిన మెకానిక్‌కు ఈ రకం విమానం మీద ఆ పని అదే మొదటిసారి. పని నేర్పుతున్న ఇన్‌స్పెక్టర్ పుస్తకంలోని కొన్ని మెట్లు అవసరం లేదన్నాడు. ఆ పనిని తనిఖీ చేయవలసినవాడు కూడా ఆయనే. తీగ సరిగా అమరలేదు; ముక్కును కిందికి దించే కదలిక సగానికి పడిపోయింది. ఎలివేటర్ స్థానం మారిన సంగతి విమానంలోని రికార్డర్‌లో ఆ రాత్రి తరువాత ప్రతి ప్రయాణంలోనూ నమోదైంది. చూసినవారు లేరు.

మరి రెండు రోజులు ఎలా ఎగిరింది? తోక అంత బరువెక్కలేదు గనుక. అసలు చిక్కు ఇక్కడుంది. ప్రయాణికులను తూకం వేయరు. మనిషికి ఇంతని ఒక సగటు లెక్క వేసుకుంటారు. ఆ లెక్క పాతది, మనుషులు పెరిగారు. కాగితం మీద ఆ విమానం పరిమితికి లోబడే ఉంది. నిజానికి 580 పౌండ్లు, అంటే 260 కిలోలకు పైగా ఎక్కువుంది, ఆ భారం వెనక్కు ఒరిగి ఉంది. కెప్టెన్ లెక్క తప్పలేదు, ఆమె చేతికిచ్చిన లెక్కే తప్పు. ప్రమాదం తరువాత చిన్న విమానాల ప్రయాణికులను నిజంగా తూచి చూస్తే, సగటు 20 పౌండ్లు, అంటే 9 కిలోలు ఎక్కువ తేలింది. దేశమంతటా లెక్క మార్చారు. మన దగ్గర ఎనిమిది మందికని రాసిన ఆటోలో పదిహేను మంది కూర్చున్నప్పుడు మాకిదే గుర్తొస్తుంది, కాకపోతే అక్కడ కళ్లకు కనిపిస్తుంది, ఇక్కడ కనిపించలేదు.

ఇంతవరకూ యంత్రం సంగతి. మేము ఇది రాయడానికి కారణం వేరు.

చనిపోయినవారిలో 18 ఏళ్ల అమ్మాయి ఉంది. ఆమె తల్లిదండ్రులు కోర్టుకు వెళ్లారు. పరిహారం ఇస్తామన్నా వారికి సరిపోలేదు. అందరి ఎదుట క్షమాపణ చెప్పాలని పట్టుబట్టారు. ఇలాంటి కేసుల్లో కంపెనీలు డబ్బిస్తాయి గాని తప్పు మాది అనవు, వకీళ్లు అననివ్వరు. ఈ తల్లిదండ్రులు వెనక్కు తగ్గలేదు.

కుటుంబాల తగవుల్లో మేము చాలాసార్లు కూర్చున్నాము. "ఒకవేళ మా వల్ల ఏమైనా పొరపాటు జరిగి ఉంటే" అనే క్షమాపణ ఎంతో విన్నాము, నిజం చెప్పాలంటే మేము కూడా చెప్పాము. ఆ "ఒకవేళ" వినగానే ఎదుటివారి ముఖం ఎలా మూసుకుపోతుందో చూశాము.

2005 మే నెలలో, షార్లెట్ విమానాశ్రయం దగ్గరి స్మారకం వద్ద, మృతుల కుటుంబాల ఎదుట ఎయిర్ మిడ్‌వెస్ట్ అధ్యక్షుడు నిలబడ్డాడు. తమ సంస్థకూ మరమ్మతు చేసినవారికీ ఇందులో బాధ్యత ఉందని ఒప్పుకొని, క్షమించమని అడిగాడు. 2008లో ఆ సంస్థ మూతపడింది. స్మారకం అక్కడే ఉంది.