సూది, కదురు, లేసు పుల్ల: ఇంటి చేతిపనుల చరిత్ర

గత పాఠాలలో మీరు కోరమాండల్ తీరపు వస్త్ర వ్యాపారం గురించి చదివారు. మచిలీపట్నం రేవు, డచ్చి, ఇంగ్లీషు కంపెనీల గిడ్డంగులు, నేతగాళ్ళకు ముందుగా సొమ్మిచ్చి బట్ట నేయించుకునే పద్ధతి మీకు గుర్తుండే ఉంటాయి. ఆ చరిత్ర అంతా మగ్గం చుట్టూ, రేవు చుట్టూ తిరిగింది. ఈ పాఠంలో గడప దాటి ఇంట్లోకి వెళ్దాం. బొంత కుట్టడం, నూలు వడకడం, లేసు అల్లడం అనే మూడు పనులను తీసుకుని, ఇల్లు కదలకుండా చేసే పనికి చరిత్ర ఎలా రాయాలో చూద్దాం. ఇవి చరిత్ర పుస్తకంలోకి ఎక్కవలసిన విషయాలేనా అని మీలో కొందరికి అనిపించవచ్చు. చాలాకాలం చరిత్రకారులకూ అలాగే అనిపించింది.

పన్ను లేని పని

ముందుగా ఒక ప్రశ్న. నేతగాళ్ళ గురించి మనకు అంత సమాచారం ఎలా దొరికింది? ప్రధానంగా పన్నుల వల్ల. మద్రాసు రాజధానిలో మగ్గాల మీద, దుకాణాల మీద, చేతివృత్తుల మీద మోతర్ఫా అనే పన్ను ఉండేది. 19వ శతాబ్దం మధ్యలో దాన్ని రద్దు చేశారు. పన్ను వసూలు చేయాలంటే మగ్గాలను లెక్కపెట్టాలి, లెక్కపెడితే కాగితం మీదికి ఎక్కుతాయి, ఆ కాగితం రికార్డు గదికి చేరుతుంది. వంద, నూటయాభై ఏళ్ళ తరువాత ఎవరో ఒక పరిశోధక విద్యార్థి దుమ్ము దులిపి దాన్ని చదువుతాడు. ఇంట్లో బొంత కుట్టే సూది మీద ఏ సర్కారూ పన్ను వేయలేదు. అందుకే దానికి దస్తావేజు లేదు. నా ఉద్దేశంలో ఇంటి చేతిపనులు చరిత్రకు అందకపోవడానికి మొదటి కారణం ఇదే. ఆ పని చిన్నదని ఎవరూ తూచి చూడలేదు. లెక్కలోకి రాకపోవడం వల్లనే అది చిన్నదిగా మిగిలిపోయింది.

దస్తావేజు లేనిచోట వస్తువునే చదవాలి. బొంతనే తీసుకోండి. పాతబడి మెత్తబడిన చీరలు, పంచెలు నాలుగైదు ఉతికి ఆరవేస్తారు. చిరుగులు ఉన్నవి మధ్య పొరల్లోకి, కాస్త గట్టిగా ఉన్నవి పైకీ కిందికీ వస్తాయి. చాప మీద ముడతలు లేకుండా పరచి, పొరలు జారిపోకుండా ముందు దూరం దూరంగా టాకాలు వేస్తారు. తరువాత పెద్ద సూదితో అంచు నుంచి మొదలుపెట్టి, బెత్తెడు దూరం కూడా విడవకుండా వరసలు వరసలుగా కుట్టుకుంటూ పోతారు. పసిపిల్లల కోసమైతే రెండు మూడు పొరలు చాలు. మీరు చేయాలనుకుంటే రెండు పాత నూలు చీరలతో, వారం రోజుల మధ్యాహ్నాలతో ఒక చిన్న బొంత తయారవుతుంది. సిల్కు, నైలాను కలిసిన చీరలు మాత్రం వద్దు. అవి చెమట పీల్చవు, పొరలు ఒకదాని మీద ఒకటి నిలవవు.

ఇప్పుడు అదే బొంతను చరిత్ర విద్యార్థిగా చూడండి. పొరల్లో ఏ బట్టలున్నాయో చూస్తే ఆ ఇంట్లో ఏ కాలంలో ఏం కట్టుకున్నారో తెలుస్తుంది. చేనేత చీర మీద మిల్లు చీర, దాని మీద పాలియెస్టరు వస్తే, మూడు తరాల మార్కెట్టు ఆ ఒక్క బొంతలోనే ఉన్నట్టు. పుట్టిన బిడ్డను కొత్తబట్టలో కాక పాత చీరతో చేసిన పొత్తిగుడ్డల్లో చుట్టే అలవాటు వెనక ఆచారం ఎంత ఉందో, బట్ట ఖరీదు అంతే ఉంది. బట్టను చిరిగేదాకా కట్టి, చిరిగాక కుట్టి, ఆ కుట్టూ ఊడిపోయాక మసిగుడ్డగా వాడిన కాలం అది. బెంగాల్‌లో కాంథా, మన దగ్గర బొంత ఈ అవసరం నుంచే పుట్టాయి. కాంథాను సంగ్రహాలయాలు అద్దాల వెనక పెట్టాయి, మన బొంత మాత్రం మంచం కిందే ఉంది.

కదురు చెప్పే సంగతి

నూలు వడకడం మీద మరికొంత సాక్ష్యం దొరుకుతుంది. ఒక మగ్గానికి సరిపడా నూలు కావాలంటే అనేక రాట్నాలు తిరగాలి. అంటే ప్రతి నేతగాడి వెనకా చాలామంది ఆడవాళ్ళు ఇళ్ళలో కూర్చుని వడికేవారు. బీహారులో 1809 నుంచి 1813 వరకు జిల్లాలను సర్వే చేసిన ఫ్రాన్సిస్ బుకానన్ వడికే స్త్రీల గురించి ప్రత్యేకంగా విచారించాడు. అందువల్ల అక్కడి వివరాలు మనకు మిగిలాయి. అడిగినవాడు ఉన్నచోట సమాధానమూ ఉంది.

ఇంగ్లండు యంత్రాల నూలు 1820ల తరువాత పెద్ద ఎత్తున దిగుమతి అయినప్పుడు మొదట దెబ్బతిన్నది నేతగాడు కాదు, వడికే స్త్రీ. నేతగాడు చౌకగా వచ్చిన విదేశీ నూలునే మగ్గానికి ఎక్కించి కొంతకాలం నిలదొక్కుకోగలిగాడు. వడికే స్త్రీకి అలాంటి దారి లేదు. వితంతువులకు, ముసలివారికి, బయటికి వెళ్ళి కూలి చేయలేని ఇళ్ళకు రాట్నం నాలుగు డబ్బులు ఇచ్చేది. ఆ డబ్బులు ఆగిపోయాయి. నేతగాళ్ళ దుస్థితి గురించి పుస్తకాలు పుస్తకాలుగా రాశారు, రాయవలసిందే. వడికే స్త్రీల సంగతి ఆ పుస్తకాలలో చాలావాటిలో ఒక పేరాతో ముగుస్తుంది.

జాతీయోద్యమం వచ్చి రాట్నాన్ని మళ్ళీ బయటికి తీసింది. 1924 డిసెంబరులో బెల్గాం కాంగ్రెసు ఒక విచిత్రమైన నిబంధన పెట్టింది: సభ్యుడిగా ఉండాలంటే నెలకు 2,000 గజాల నూలు ఇవ్వాలి. స్వయంగా వడకలేనివారు, వడకడం ఇష్టంలేనివారు కూడా మరొకరు వడికిన నూలు ఇవ్వవచ్చు. ఈ చివరి వాక్యం దగ్గర కాస్త ఆగండి. ఆ "మరొకరు" ఇళ్ళలో ఎవరై ఉంటారో ఊహించడం కష్టం కాదు. నిబంధన ఏడాది కూడా గట్టిగా నిలవలేదు. 1925లో ఏర్పడిన అఖిల భారత చరఖా సంఘం ఆ పనిని వేరే పద్ధతిలో అందుకుంది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్న ఖద్దరు ఆ కాలంలోనే దేశానికి తెలిసింది. అక్కడ పత్తిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ ఎముకను దువ్వెనగా వాడతారు. ఆ దువ్వెనలోని సన్నని పళ్ళు చేసే పని యంత్రానికి అందలేదని చెబుతారు. దువ్వడం, ఏకడం, వడకడం ఎక్కువగా స్త్రీలు చేసేవే.

1935లో గాంధీజీ మరో అడుగు వేశారు. ఖద్దరు చౌకగా అమ్ముడుపోవాలని వడికేవారికి అతి తక్కువ కూలి ఇవ్వడం సరికాదని, బతకడానికి సరిపడే వేతనం ఇవ్వాలని పట్టుబట్టారు. చరఖా సంఘం కూలి రేట్లు పెంచింది. ఖద్దరు ధర పెరిగింది, అమ్మకాలు తగ్గుతాయని కొందరు కార్యకర్తలు భయపడ్డారు. ఆ భయానికి ఆధారం లేకపోలేదు. అయినా ఇంట్లో కూర్చుని చేసే పనికి కూడా న్యాయమైన వేతనం ఉండాలన్న మాట మన దేశంలో ఇంత గట్టిగా వినిపించిన తొలి సందర్భాలలో ఇది ఒకటి.

నరసాపురం లేసు

మూడో పని మీద ఎక్కువసేపు నిలవాలి. నరసాపురం పేరు వస్త్ర చరిత్రకు కొత్త కాదు. దాని పక్కనున్న మాధవాయపాలెంలో 17వ శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీ గిడ్డంగి ఉండేది. ఆ ఊరి పేరు మీదే ఒక రకం తెల్లబట్టకు ఐరోపాలో మడపోలం అనే పేరు వచ్చింది. కంపెనీలు పోయాయి, నేత తగ్గింది. 1836లో ఇంగ్లండు నుంచి బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు నరసాపురం ప్రాంతానికి వచ్చారు. ఆ శతాబ్దంలోనే మిషనరీ స్త్రీలు గోదావరి ప్రాంతంలో పేద క్రైస్తవ స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. కొన చివర చిన్న కొక్కెం ఉన్న సన్నని పుల్ల, నూలు దారం ఉంటే చాలు. గొలుసులా ఒక కుట్టు అల్లి, దాన్ని గుండ్రంగా తిప్పి, దాని మీద మళ్ళీ అల్లుకుంటూ పోతే ఒక పువ్వు వస్తుంది. ఇలాంటి పువ్వులు పదులూ వందలూ అతికితే ఒక బల్లగుడ్డ. మొదట మిషనరీలు తమ దేశంలోని స్నేహితులకు పంపి అమ్మించేవారు. క్రమంగా అది వ్యాపారమైంది. ఇల్లు దాటకూడదన్న ఘోషా నియమం ఉన్న కాపు స్త్రీలు కూడా పెద్ద సంఖ్యలో ఇందులోకి వచ్చారు.

ఇక్కడే చరిత్ర విద్యార్థి జాగ్రత్తగా చూడవలసిన విషయం ఉంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర ఈ గ్రామాలలో పరిశోధన చేసి 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. ఎగుమతిదారు దారం ఇస్తాడు. ఏజెంటు దాన్ని ఇంటింటికీ పంచుతాడు. ఒకరు పువ్వులు అల్లితే మరొకరు అతుకుపని చేస్తారు. తయారైన సరుకు విదేశీ మార్కెట్టుకు పోతుంది. దారం ఎవరిది, ధర ఎవరిది, కొనేదెవరు అన్నది అల్లే స్త్రీకి తెలియదు. వ్యాపారం పెరిగినకొద్దీ అమ్మకం మగవాళ్ళ చేతుల్లోకి, అల్లిక ఆడవాళ్ళ చేతుల్లోకి విడిపోయింది. ఇంటిపని చేసుకుంటూనే రోజుకు ఆరేడు గంటలు అల్లేవారి సంపాదన, వ్యవసాయ కూలీకి చట్టం చెప్పిన కనీస వేతనం కంటే ఎంతో తక్కువ. వ్యాపారులను అడిగితే ఇది తీరిక వేళల్లో గృహిణులు చేసుకునే పని అనేవారు. చాలామంది స్త్రీలు తామూ అలాగే అనుకున్నారు. శ్రామికురాలిని గృహిణిగా చూపించి ఆమె కూలిని తగ్గించే ఈ ప్రక్రియకు మీస్ గృహిణీకరణ అని పేరు పెట్టింది.

నిజానికి "తీరిక" అనే మాటే ఇక్కడ ధరను నిర్ణయించింది. తీరిక వేళ చేసే పనికి కూలి ఎందుకు అడుగుతారు? ఆరేడు గంటల తీరిక ఏ పేద ఇంట్లో ఉంటుందో మీరే ఆలోచించండి.

జనాభా లెక్కలు కూడా ఈ మాటకు సాయం చేశాయి. 1961 జనాభా లెక్కల్లో గృహ పరిశ్రమ అనే విడి వర్గం ఉండేది. 1971లో ప్రతివారినీ ముందుగా "మీ ప్రధానమైన పని ఏమిటి" అని అడిగారు. ఇంటిపని అని చెప్పిన స్త్రీ, ఆ మిగతా గంటల్లో ఎంత అల్లినా, ఎంత వడికినా, పనిచేయనివారి వరసలోకి వెళ్ళింది. దేశంలో పనిచేసే స్త్రీల నిష్పత్తి కాగితం మీద దాదాపు సగానికి పడిపోయింది. పదేళ్ళలో ఆడవాళ్ళు పని మానేయలేదు, ప్రశ్న మారింది. పరీక్షలో గణాంకాలు రాసేటప్పుడు ఈ ఉదాహరణ గుర్తుంచుకోండి.

తరువాతి కథ క్లుప్తంగా చెబుతాను. 1972లో అహ్మదాబాదులో ఇలా భట్ స్థాపించిన సేవా సంస్థ ఇళ్ళలో పనిచేసే స్త్రీలను సంఘటితం చేసింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఇంటి వద్ద పనిచేసేవారి హక్కుల కోసం 177వ ఒడంబడికను ఆమోదించింది. భారతదేశం దాన్ని ధ్రువీకరించలేదు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపు పేరును నకిలీల నుంచి కాపాడుతుంది. పువ్వుకు ఎంత ఇవ్వాలో మాత్రం చెప్పదు.

అభ్యాసం

మీ ఇంట్లోగాని, బంధువుల ఇంట్లోగాని చేత్తో చేసిన ఒక వస్తువును ఎంచుకోండి. బొంత, లేసు, ఊలు స్వెట్టరు, తాటాకు బుట్ట, పూసల తోరణం, ఏదైనా సరే. చేసినవారు బతికి ఉంటే వారితోనే మాట్లాడండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ముడిసరుకు ఎక్కడిది, ఎన్ని రోజులు పట్టింది, రోజులో ఏ వేళ చేసేవారు, ఎప్పుడైనా అమ్మారా, అమ్మితే ఎంతకు, ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్ళింది అని అడగండి. "ఏదో ఊరికే చేశానమ్మా" అన్న జవాబు మొదట వస్తుంది. అక్కడ ఆపకుండా ఆనాటి దినచర్యను పొద్దున నుంచి రాత్రిదాకా వరసగా చెప్పించుకోండి, గంటలు వాటంతటవే బయటపడతాయి. రెండు పేజీలు మించనక్కరలేదు. వస్తువు కొలతలు, పొరలు, దారం రంగు రాయండి. చేసినవారి పేరు, వయసు వారు ఒప్పుకుంటేనే రాయండి. తరగతులు జరిగే ఆదివారం నాడు మీ అధ్యయన కేంద్రంలో కౌన్సెలరుకు ఆ పేజీలు చూపించి, వస్తువును వెంట తీసుకురాగలిగితే తీసుకురండి.