ప్రాసెసర్‌ని నిద్రపోనివ్వంది ఎవరు?

టాస్క్ మేనేజర్‌లో సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్ 98 శాతం అని చూసి కంగారుపడినవాళ్ళు మీ ఆఫీసులోనూ ఉండే ఉంటారు. అది వాడకం కాదు బాబూ, ఖాళీ! కాకపోతే ఒకప్పుడు ఆ ఖాళీ కూడా నిజంగానే కరెంటు తినేది.

1978 నాటి 8086లోనే హాల్ట్ అనే ఇన్‌స్ట్రక్షన్ ఉంది. ఇంటరప్ట్ వచ్చేదాకా ఆగమని చెప్పడం, అంతే. దాంతో కరెంటు ఆదా అయ్యే చిప్పులు వచ్చాక కూడా విండోస్ 95 దాన్ని వాడలేదు. వాడి చూస్తే ఓ పెద్ద కంపెనీ లాప్‌టాపులు కొన్ని బిగుసుకుపోయాయని, అందుకే తీసేశారని మైక్రోసాఫ్ట్ ఇంజనీరు రేమండ్ చెన్ తర్వాత రాశాడు. లైనక్స్, విండోస్ ఎన్‌టీలు మాత్రం వాడేవి.

1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ తెచ్చాయి. సీ1 అంటే కునుకు, సీ3 అంటే గాఢనిద్ర. నిద్ర ఎంత లోతైతే అంత ఆదా, కానీ లేవడానికి అంత టైము.

అసలు గొడవ ఇక్కడే. ఎక్స్86 మీద లైనక్స్ 2.6 టైమర్ సెకనుకి 1000 సార్లు మోగేది. పని ఉన్నా లేకపోయినా! మిల్లీసెకనుకోసారి తట్టి లేపుతుంటే గాఢనిద్ర ఎలా పడుతుంది? 2005లో 2.6.13తో దాన్ని 250కి దించారు. 2007 ఏప్రిల్లో 2.6.21 వచ్చాక, పని లేనప్పుడు ఆ గంట కొట్టడమే మానేసింది (మొదట 32 బిట్ ఎక్స్86లో). థామస్ గ్లైక్స్‌నర్, ఇంగో మోల్నార్‌ల పుణ్యం.

కెర్నెల్ నోరు మూసుకున్నాక మిగతావాళ్ళ గోల వినపడింది. ఆ మే నెలలో ఇంటెల్ విడుదల చేసిన పవర్‌టాప్, సెకనుకి ఎవరు ఎన్నిసార్లు లేపుతున్నారో పేర్లతో సహా చూపించింది. చూస్తే అన్నీ మనలాంటివాళ్ళు రాసిన ప్రోగ్రాములే! వాల్యూమ్ మారిందా, మెయిల్ వచ్చిందా అని పదేపదే తొంగిచూసేవి. నా లెక్కలో కెర్నెల్ మార్పు కంటే ఈ పేర్ల జాబితాయే ఎక్కువ పని చేసింది. పేరు బయటపడ్డాక ఎవరైనా ప్యాచ్ పంపాల్సిందే కదా.

2008 జనవరిలో 2.6.24తో సీపీయూఐడిల్ వచ్చింది. రెండు స్టాపుల్లో దిగేవాడు బస్సులో నిద్రపోడు కదా, అలా ఎంతసేపు ఖాళీ దొరుకుతుందో ముందే అంచనా వేసి, దాన్నిబట్టి ఏ లోతుకి వెళ్ళాలో తేలుస్తుంది.

పవర్‌టాప్ ఇప్పటికీ ఉంది. పది మిల్లీసెకన్లు పడుకుని లేచి క్యూ చూసే లూపు మీ సర్వీసులో ఉంటే, దాని పేరు పై వరసల్లోనే కనిపిస్తుంది.