కుండీలోకి చేరిన గులాబీ: పదేపదే పూసే పొట్టి గులాబీల చరిత్ర, సోమశిల ప్రాంతం

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• ఏడాది పొడుగునా పూసే గుణం గులాబీకి ఎక్కడి నుంచి వచ్చిందో వివరించగలుగుతారు.
• కుండీల్లో పెరిగే పొట్టి గులాబీ రకాలు రూపొందిన క్రమాన్ని తెలపగలుగుతారు.
• శ్రీశైలం ముంపు ప్రాంతంలో ఇంటి పెరటి చరిత్రను ఎలా సేకరించాలో చెప్పగలుగుతారు.

9.1 పరిచయం

కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిల నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ మండలంలోని గ్రామం. కొల్లాపూర్, వనపర్తి, గద్వాల పట్టణాల్లో ఏ వీధిలో నడిచినా గేటు పక్కన, మేడ మెట్ల మీద, పిట్టగోడ మీద సిమెంటు కుండీల్లోనో పాత ప్లాస్టిక్ బకెట్లలోనో పూసిన గులాబీలు కనిపిస్తాయి. మోకాలి ఎత్తు మొక్క, గుత్తులుగా చిన్న పూలు, కోసిన కొద్ది వారాలకే మళ్ళీ మొగ్గలు. ఇంత మామూలు దృశ్యానికి చరిత్ర ఏముంటుందని మీకు అనిపించవచ్చు. కాని ఆ మొక్కలో చైనా తోటమాలుల శ్రమ ఉంది, ఈస్టిండియా కంపెనీ ఓడల ప్రయాణం ఉంది, ఢిల్లీ పరిశోధనా క్షేత్రాల కృషి ఉంది. అది పెరిగే కుండీ వెనక ఈ ప్రాంతంలో నేల కోల్పోయిన మనుషుల కథ కూడా ఉండవచ్చు. ఈ భాగంలో ఆ రెండింటినీ పరిశీలిద్దాం.

9.2 పాత గులాబీ: పెద్ద పొద, చిన్న పూతకాలం

'గులాబీ' అనే మాట పారశీకం నుంచి వచ్చింది. 'గుల్' అంటే పువ్వు, 'ఆబ్' అంటే నీరు. ఆ భాషలో 'గులాబ్' అంటే అసలు పన్నీరే. మాట పుట్టుకను బట్టే ఆ సంస్కృతిలో ఈ పువ్వు విలువ ఎక్కడుందో తెలుస్తుంది. పన్నీరుకు, అత్తరుకు వాడిన డమాస్క్ జాతి గులాబీలకు గొప్ప వాసన ఉంది. అయితే వాటిలో ఎక్కువ రకాలు ఏడాదికి ఒకసారే, వసంతంలో పూస్తాయి. పొద బాగా విస్తరిస్తుంది. కొన్ని వారాల పూత కోసం ఏడాదంతా అంత స్థలాన్ని, నీటిని, మనిషి కష్టాన్ని కేటాయించగలిగిన వారికే అలాంటి తోట సాధ్యం. హైదరాబాదులో 1846లో ఏర్పడిన బాగ్-ఎ-ఆమ్ వంటి ఉద్యానవనాలకు ఆ వసతి ఉంది. రెండు గదుల ఇంటికి లేదు. కాబట్టి గులాబీ సామాన్యుడి గుమ్మానికి రావాలంటే రెండు మార్పులు జరగాలి: పూత కాలం పెరగాలి, మొక్క పరిమాణం తగ్గాలి.

9.3 చైనా నుంచి కలకత్తా మీదుగా

మొదటి మార్పు చైనాలో జరిగింది. అక్కడి తోటమాలులు తరతరాలుగా ఎంపిక చేస్తూ, కొమ్మలు నాటుతూ, చలికాలం ముదిరేదాకా పూసే గులాబీలను నిలబెట్టారు. 1790ల మొదట్లో ఒక ఎర్రరకం, ఒక గులాబీరంగు రకం ఇంగ్లండు చేరాయి. 1809లోను, 1824లోను మరి రెండు రకాలు వెళ్ళాయి. ఈ నాలుగింటినీ తరవాతి ఐరోపా గులాబీలకు మూలస్తంభాలుగా చెబుతారు.

ఈ ప్రయాణంలో కలకత్తాకు ముఖ్యస్థానం ఉంది. 1787లో అక్కడ కంపెనీ వృక్షశాస్త్ర ఉద్యానవనం ఏర్పడింది. చైనా నుంచి వచ్చిన మొక్కలకు అది మజిలీ అయింది. అందుకే ఫ్రాన్సులో చైనా గులాబీని చాలాకాలం 'బెంగాల్ గులాబీ' అని పిలిచారు. ఆ ఉద్యానవనానికి 1793లో అధిపతి అయిన విలియం రాక్స్‌బరో అంతకు ముందు మన సామర్లకోటలో మొక్కల మీద పనిచేసినవాడే.

మరో కూడలి హిందూ మహాసముద్రంలోని బోర్బన్ దీవి, నేటి రీయూనియన్. అక్కడ చైనా గులాబీ, డమాస్క్ గులాబీ పక్కపక్కన పెరిగి సహజంగా సంకరమయ్యాయి. 1819 ప్రాంతంలో వాటి విత్తనాలు పారిస్ చేరాయి. ఆ వర్గానికి చెందిన 'ఎడ్వర్డ్' గులాబీ భారతదేశంలో ఇప్పటికీ వాసన పువ్వుగా, అంటుకట్టే వేరుమొక్కగా వాడుకలో ఉంది.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోండి. ఐరోపా నర్సరీల యజమానుల పేర్లు పుస్తకాల్లో నిలిచాయి. చైనా తోటమాలుల పేర్లు నిలవలేదు. అసలు గుణాన్ని కాపాడి అందించిన వారు మాత్రం వాళ్ళే. 2012లో ప్రచురితమైన ఒక పరిశోధన ఆ గుణం ఎక్కడుందో చూపించింది. గులాబీలో కేఎస్ఎన్ అనే జన్యువు పూతను అదుపులో ఉంచుతుంది. చైనా గులాబీల్లో చోటు మారే ఒక డీఎన్ఏ ముక్క ఆ జన్యువులో చొరబడి దాని పని ఆపేసింది. పూతకు పగ్గం తెగిపోయింది. ప్రకృతిలో యాదృచ్ఛికంగా జరిగిన ఈ మార్పును గమనించి, పోకుండా నిలబెట్టింది మనిషి చెయ్యి.

9.4 మొక్క పొట్టిదైన క్రమం

రెండో మార్పు మూడు మెట్లలో జరిగింది.

(అ) పాలియాంథా: ఫ్రాన్సులోని లియాన్ నగరంలో గియో నర్సరీ 1875లో 'పాకెరెట్' అనే రకాన్ని విడుదల చేసింది. గుత్తులుగా పూసే తీగ గులాబీకి, చైనా గులాబీకి సంబంధించిన ఈ వర్గంలో మొక్క పొట్టి, పూలు చిన్నవి, పూత నిరంతరం.

(ఆ) ఫ్లోరిబండా: డెన్మార్కులో పౌల్సెన్ కుటుంబం పాలియాంథాలను పెద్దపూల హైబ్రిడ్ టీ రకాలతో సంకరపరిచింది. 1924లో వచ్చిన 'ఎల్సె పౌల్సెన్' వీటిలో ప్రసిద్ధం. గుత్తి పూత, కొంత పెద్ద పువ్వు ఒకే మొక్కలో కలిశాయి.

(ఇ) మినియేచర్: మొదటి ప్రపంచయుద్ధ కాలంలో స్విట్జర్లాండు గ్రామాల కిటికీ గట్ల మీద చిన్న కుండీల్లో పెరుగుతున్న బుల్లి చైనా గులాబీని రూలే అనే సైనికాధికారి గమనించాడు. ఆయన పేరుతోనే అది 'రూలెటీ' అయింది. దాని సంతతిలో హాలెండుకు చెందిన యాన్ డి వింక్ రూపొందించిన 'టామ్ థంబ్' 1936లో అమెరికా మార్కెట్టుకు వచ్చింది. అంటే నేటి బుల్లి గులాబీల వంశంలో ఒక మూలపురుషుడు దొరికింది పల్లెటూరి కిటికీలో.

9.5 భారతీయ రకాలు

స్వాతంత్ర్యానంతరం గులాబీ సంకరణలో ప్రముఖుడు బి.పి. పాల్. గోధుమ పరిశోధకుడైన ఆయన 1965లో భారత వ్యవసాయ పరిశోధనా మండలికి మొదటి డైరెక్టర్ జనరల్ అయ్యారు. మరుసటి ఏడాది భారతదేశంలో గులాబీ గురించి ఆయన రాసిన గ్రంథం వెలువడింది. ఢిల్లీ పరిశోధనా సంస్థ నుంచి 1963లో 'ఢిల్లీ ప్రిన్సెస్', 1970లో 'మోహిని' అనే ఫ్లోరిబండాలు వచ్చాయి. చల్లని దేశాల రకాలు మన ఎండకు తట్టుకోవడం కష్టం కాబట్టి ఇక్కడి వాతావరణంలోనే ఎంపిక చేయడం అవసరమైంది. ఇలాంటి మొక్కలు ఇళ్ళకు చేరడానికి నర్సరీలు దారి అయ్యాయి. తెలుగునాట గోదావరి జిల్లాల్లోని కడియం, కడియపులంక నర్సరీలు ఇందుకు పేరుపొందాయి. నల్ల పాలిథిన్ సంచిలో అంటుమొక్క లారీ ఎక్కితే ఏ ఊరికైనా చేరుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. చైనా గులాబీకి 'బెంగాల్ గులాబీ' అనే పేరు ఎందుకు వచ్చింది?
2. పాలియాంథా, ఫ్లోరిబండాల మధ్య తేడా ఏమిటి?

9.6 సోమశిల: తరలిన గుళ్ళు, తరలని పెరళ్ళు

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన జరిగింది. 1980ల మొదట్లో జలాశయం నిండేనాటికి కృష్ణకు రెండువైపులా వందకు పైగా గ్రామాలు ముంపుకు గురయ్యాయి. ప్రాచీన ఆలయాలను రాయి రాయిగా విప్పి, ఎత్తైన చోట తిరిగి కట్టారు. సోమశిల ఆలయాలు గట్టు మీదికి వచ్చాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలంపురం చేరింది. జటప్రోలు గుళ్ళు కూడా ఇలాగే తరలాయి. పురావస్తు శాఖ కృషి వల్ల ఈ చరిత్ర నిలిచింది.

మరి ఇళ్ళ వెనక పెరళ్ళ సంగతి? 1894 నాటి భూసేకరణ చట్టంలోని 23వ సెక్షను నష్టపరిహారం లెక్కించడంలో భూమి విలువతోపాటు నిలిచి ఉన్న పంటలను, చెట్లను పేర్కొంది. మామిడి చెట్టుకు ఆ లెక్కలో చోటుంది. బావి పక్కన పెరిగిన పూలపొదను విడిగా పేర్కొనలేదు. 1986లో వచ్చిన 98వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు నిర్వాసిత కుటుంబాల నుంచి ఒకరికి ఉద్యోగం గురించి మాట్లాడింది. అది అవసరమైన విషయమే. అయినా రోజూ సిగలోకో, దేవుడి పటానికో పువ్వు ఇచ్చిన మొక్క ఏ దస్తావేజులోనూ దొరకాలని లేదు.

దస్తావేజులో లేనంత మాత్రాన జరగలేదని చరిత్రకారులు తేల్చకూడదు. చైనా, ఎడ్వర్డ్ గులాబీలు కొమ్మ ముక్క నాటినా వేరు తొడుగుతాయి. గుడిని తరలించడానికి క్రేన్లు, ఇంజనీర్లు కావాలి. గులాబీని తరలించడానికి తడిగుడ్డ చాలు. ఊరు విడిచిన వారిలో ఎవరైనా అలా తీసుకెళ్ళారా? కొత్త చోట నేల చాలక కుండీలో పెట్టారా? లేక ఆ కుండీ మొక్క తరవాత నర్సరీలో కొన్నదా? ఇవి ఊహతో నింపవలసిన ఖాళీలు కావు, అడిగి తెలుసుకోవలసిన ప్రశ్నలు. ఆనాడు ఇరవై ఏళ్ళున్న వారికి ఇప్పుడు అరవై దాటింది. అడగడానికి వ్యవధి తక్కువ.

9.7 సాగు పద్ధతిలో దాగిన చరిత్ర

మొక్కే ఒక ఆధారం. దాన్ని చదవడం నేర్చుకోండి.

• కత్తిరింపు: వానలు తగ్గాక, సెప్టెంబరు చివర లేదా అక్టోబరులో కొమ్మలు కత్తిరిస్తే సుమారు ఏడు వారాలకు పూత వస్తుంది. ప్రతి కొత్త చిగురు కొసనా మొగ్గ తొడగడం చైనా వారసత్వం. వాడిన గుత్తిని కిందనున్న ఆరోగ్యమైన ఆకు దాకా తుంచినా ఇదే జరుగుతుంది.
• పిలకలు: అంటు కింది నుంచి వేరే రూపు ఆకులతో బలమైన కొమ్మ లేస్తే అది వేరుమొక్క పిలక. దాన్ని మొదలంటా తీసేయాలి. ఒకే కుండీలో రెండు వంశాలున్నాయని అది చెబుతుంది.
• కుండీ: మినియేచర్‌కు ఎనిమిది అంగుళాలు, ఫ్లోరిబండాకు పన్నెండు అంగుళాల కుండీ సరిపోతుంది. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొంత ఇసుక కలపాలి. నల్లరేగడి ఒక్కటే వేస్తే నీరు నిలిచి వేరు కుళ్ళుతుంది. అడుగున రంధ్రం తప్పనిసరి.
• ఎండ: రోజుకు ఆరు గంటలు కావాలి. ఏప్రిల్, మే నెలల్లో మేడ మీది కుండీ వేడెక్కి వేర్లు దెబ్బతింటాయి. మధ్యాహ్నపు నీడకు మార్చి, ఉదయం నీరు పోయాలి.

9.8 సారాంశం

చైనా తోటమాలులు కాపాడిన నిరంతర పూతగుణం కలకత్తా, బోర్బన్ దీవుల మీదుగా ఐరోపా చేరింది. అక్కడ పాలియాంథా, ఫ్లోరిబండా, మినియేచర్ వర్గాలు రూపొందాయి. భారతీయ శాస్త్రవేత్తలు వాటి ఆధారంగా ఇక్కడి వాతావరణానికి తగిన రకాలను అందించారు. విశాలమైన తోటల పువ్వు ఇలా ఇరుకు ఇళ్ళ పువ్వయింది. సోమశిల ప్రాంతంలో గుళ్ళ తరలింపు నమోదైంది. పెరళ్ళ చరిత్ర మనుషుల జ్ఞాపకాల్లో ఉంది. దాన్ని రాసే పని మీలాంటి విద్యార్థులది.

9.9 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పదేపదే పూసే గులాబీల వ్యాప్తిలో వలసపాలన కాలపు నౌకామార్గాల పాత్రను వివరించండి.
2. లిఖిత ఆధారాలు లేని ఇంటి తోటల చరిత్రను ఎలా పునర్నిర్మించవచ్చు?

II. కింది ప్రశ్నకు 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. బి.పి. పాల్ కృషిని తెలపండి.

III. క్షేత్రపని
మీ ఊళ్ళో, లేదా మీకు దగ్గరలోని నిర్వాసితుల కాలనీలో ముగ్గురు పెద్దలను కలవండి. వారి పాత ఇంటి పెరట్లో ఏ పూలమొక్కలు ఉండేవో, అవి ఎక్కడి నుంచి వచ్చాయో, ఇల్లు మారినప్పుడు ఏమయ్యాయో వారి మాటల్లోనే రాసుకోండి. రాసుకునే ముందు వారి అనుమతి తీసుకోండి. రాసింది వారికి చదివి వినిపించండి.