ఆనికాయా? పులిపిరా?

మొన్న దసరా సెలవులకు మా అమ్మాయి హాస్టల్ నుంచి వచ్చింది. ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గర బతుకమ్మ ఆడుతూ కుడికాలు ఎత్తెత్తి వేస్తోంది. ఇంటికొచ్చి చూస్తే అరికాల్లో గట్టి బొడిపె. "గది ఆనికాయే బిడ్డా, జీడి పెడితే పోతది" అంది మా అత్తమ్మ. జీడి అనగానే నా గుండె ఝల్లుమంది. ఎందుకో చెప్తాను. దానికి ముందు పాత కథ కొంచెం చెప్పాలి.

ఆనికాయ మనకు కొత్తది కాదు. సుశ్రుత సంహిత దీన్ని 'కదరం' అంటుంది. గులకరాళ్లు ఒత్తుకున్నా, ముల్లు గుచ్చుకున్నా పాదంలో మేకులా గట్టిగా, రేగుపండంత గడ్డ పుడుతుందట. దాన్ని కోసి తీసి, ఆ చోటును కాల్చమని వైద్యం చెప్పారు. పులిపిర్ల వంటి వాటిని 'చర్మకీలం' అని విడిగా చెప్పారు. అంటే రెండూ ఒకటి కాదని అప్పుడే తెలుసు. మన వాడుకలోకి వచ్చేసరికి అరికాల్లో ఏది లేచినా ఆనికాయే అయిపోయింది.

అటు రోమ్‌లో 1వ శతాబ్దంలో సెల్సస్ అనే ఆయన పులిపిర్లను రకాలుగా విడదీసి రాశాడు. ఒక రకానికి గ్రీకులో చీమ పేరు మీద 'మిర్మీసియా' అని పేరు. అరికాల్లో లోతుగా దిగే పులిపిరిని డాక్టర్లు ఇప్పటికీ ఆ పేరుతో పిలుస్తారు.

మన ఓరుగల్లు నేలిన రుద్రమదేవి కాలంలోనే, 1261 నాటి మల్కాపురం శాసనంలో, ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు ఆదాయం కేటాయించిన మాట ఉంది. వరంగల్‌కు కాకతీయ మెడికల్ కాలేజీ 1959లో వచ్చింది. కానీ మా పెద్దవాళ్ల కాలంలో ఊళ్లో కాళ్లకు వైద్యమంటే మంగలి కత్తి, లేకపోతే నల్లజీడి. చాకలివాళ్లు బట్టలకు గుర్తు పెట్టే జీడే. దాని రసం చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది.

ఆరేళ్ల కిందట మా అత్తమ్మ మడమకు ఆ రసమే పెట్టుకుంది. ఆమెకు షుగర్. కాలు కాలిన సంగతే తెలియలేదు. పుండు పడి, చీము పట్టి, మానడానికి మూడు నెలలు పట్టింది. వేలు తీసేయాల్సి వస్తుందేమోనని డాక్టర్ అన్న రోజు నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను. జీడి అరగదీసి ఇచ్చింది నేనే మరి.

అందుకే ఈసారి అమ్మాయిని నేరుగా చర్మవ్యాధుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. చూడగానే "ఇది పులిపిరి" అన్నారు. తేడా చెప్పారు. ఆనికాయ ఒత్తిడి వల్ల గట్టిపడ్డ చర్మం. దాని మీద నేరుగా నొక్కితే నొప్పి. పులిపిరిని రెండు పక్కల నుంచి పట్టి పిండితే ఎక్కువ నొప్పి. పాదం మీది గీతలు పులిపిరి దగ్గర తెగిపోతాయి. పైపొర గీకితే నల్లటి చుక్కలు కనిపిస్తాయి. అవి గడ్డకట్టిన సన్నటి రక్తనాళాలు. మనం వాటిని వేళ్లు అనుకుంటాం.

పులిపిరి అంటువ్యాధి. ఆ సంగతి రుజువు చేసింది ఇటలీకి చెందిన చూఫో. 1907లో పులిపిరి రసాన్ని వడగట్టి, తన చేతికే ఎక్కించుకుని, అక్కడ పులిపిరి లేవడం చూపించాడు. సూక్ష్మక్రిములను ఆపే వడపోతను కూడా దాటి వచ్చిందంటే కారణం వైరస్సే. దాని పేరు హ్యూమన్ పాపిలోమా వైరస్.

ఆ పేరు ఇంటర్నెట్‌లో చూసి మా అమ్మాయి బెదిరిపోయింది. ఈ వైరస్ కుటుంబం పెద్దది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే రకాలు వేరు. వాటిని కనిపెట్టినందుకే హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. అరికాలి పులిపిరి రకాలకు ఆ భయం లేదు.

వైద్యం చాలా మామూలుది, కాకపోతే ఓపిక కావాలి. రోజూ గోరువెచ్చని నీళ్లలో కాలు నానబెట్టి, మెత్తబడ్డ పైపొరను మెల్లగా రుద్ది, సాలిసిలిక్ యాసిడ్ మందు పులిపిరి మీద మాత్రమే పూయాలి. ఇలా పన్నెండు వారాల దాకా పట్టొచ్చు. తగ్గకపోతే చలితో గడ్డకట్టించే వైద్యం ఉంది. పిల్లల్లో చాలావరకు ఒకటి రెండేళ్లలో వాటంతట అవే పోతాయి. షుగర్ ఉన్నవాళ్లు, కాళ్లకు తిమ్మిర్లు ఉన్నవాళ్లు మాత్రం ఆనికాయైనా పులిపిరైనా సొంతంగా ఏ మందూ పెట్టకూడదు. బ్లేడు అసలే వద్దు.

హాస్టల్ బాత్‌రూమ్‌లో చెప్పులు వేసుకోవడం, తువాలు, సాక్సులు ఎవరివి వాళ్లే వాడుకోవడం, పాదాలు పొడిగా ఉంచుకోవడం, పులిపిరిని గిల్లకపోవడం. జాగ్రత్తలంటే ఇవే.

సంక్రాంతికి వచ్చేసరికి అమ్మాయి కాలు నున్నగా ఉంది. అత్తమ్మ ముట్టుకుని చూసి, "నాకప్పుడు గిట్ల చెప్పెటోళ్లు లేకపాయిరి బిడ్డా" అంది. ఇప్పుడు రోజూ రాత్రి ఆమె పాదాలు ఒళ్లో పెట్టుకుని టార్చిలైటు వేసి చూస్తాను. ఇంట్లో అందరి కడుపులూ చూసుకునే మనం కాళ్లు కూడా చూడాలి. మనవి కూడా.