గుమ్మం చెక్కినవారి పేరేమిటి?

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు పల్లెల్లో పాత మండువా లోగిళ్ళు చూసే ఉంటారు. కొన్నింటి వీధి గుమ్మం మీద లతలు, పద్మాలు, చిలకలు చెక్కి ఉంటాయి. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టారు. కాలువ నీళ్ళతో మాగాణి పండింది, రైతు చేతిలో డబ్బు ఆడింది. ఓడల్లో బర్మా టేకు దిగింది. వడ్రంగి ఉలికి చేతినిండా పని దొరికింది.

ఇంగ్లండులో పెట్‌వర్త్ అనే పెద్ద దివాణం ఉంది. అక్కడ 1690ల్లో గ్రిన్లింగ్ గిబ్బన్స్ చెక్కిన పూలూ పళ్ళూ ఈనాటికీ ఉన్నాయి. 1947లో ఆ భవనాన్ని నేషనల్ ట్రస్టుకు అప్పగించారు. జనం టిక్కెట్టు కొని మరీ చూస్తారు, ఆయన పేరు చెప్పుకుంటారు.

మన వడ్రంగుల పేర్లు ఎవరు రాశారు? శుక్రవారం శుక్రవారం గడపకు పసుపు రాసి బొట్లు పెట్టి, ఆ గుమ్మాన్ని కంటికి రెప్పలా చూసుకున్నది ఇంటి ఆడవాళ్ళే. అన్నదమ్ములు పంచుకుని ఇల్లు పడగొడితే, అదే గుమ్మం పాత కలప లెక్కన వెళ్ళిపోతుంది.

మీ అత్తగారినో అమ్మమ్మనో ఈ వారమే అడగండి, అది ఎవరు చెక్కారని. చెప్పింది రాసుకుని, ఒక ఫొటో తీసి పెట్టండి. కలప పోయినా పేరు మిగులుతుంది.