ఇంజన్ ఆయిల్ మట్టం

కారు ఇంజన్ అడుగున ఉండే తొట్టిలో ఆయిల్ ఎంత ఎత్తు వరకు నిలిచి ఉందో తెలిపే కొలతే ఇంజన్ ఆయిల్ మట్టం. ఆ తొట్టిని సంప్ అంటారు. మెకానిక్ షెడ్లలో చాంబర్ అంటారు. మట్టం చూడడానికి వాడే సన్నటి లోహపు పుల్ల పేరు డిప్‌స్టిక్. షెడ్డులో ఆయిల్ గేజి అంటే ఇదే. దాని చివర రెండు గుర్తులుంటాయి. కిందిది కనిష్ఠం, పైది గరిష్ఠం. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఉన్నా ఇంజన్‌కు సరిపడా ఆయిల్ ఉన్నట్టే. సొంతంగా ఆయిల్ మార్చుకోవాలనుకునేవారికి చాంబర్ అడుగున ఉండే డ్రెయిన్ బోల్టు విప్పడం, ఫిల్టర్ బిగించడం త్వరగానే పట్టుబడతాయి. ఓర్పు కావలసింది కొత్త ఆయిల్ పోసేటప్పుడు, మట్టం సరిచూసేటప్పుడు. ఎంత పోశామన్నది కాదు, సరైన పద్ధతిలో చూసినప్పుడు డిప్‌స్టిక్ మీద ఎంత కనిపించిందన్నదే తుది లెక్క.

మట్టం తగ్గితే

చాంబర్ అడుగున మునిగి ఉన్న జాలీ గొట్టం గుండా పంపు ఆయిల్‌ను పీల్చి, ఫిల్టర్ మీదుగా క్రాంక్‌షాఫ్ట్ బేరింగులకు, క్యామ్‌షాఫ్ట్‌కు, పిస్టన్ల దగ్గరకు పంపుతుంది. అక్కడి నుంచి ఆయిల్ తన బరువుతో తానే కిందికి కారి మళ్ళీ చాంబర్‌కు చేరుతుంది. బేరింగుకూ షాఫ్టుకూ మధ్య ఖాళీ మిల్లీమీటరులో వందో వంతుల లెక్కలో ఉంటుంది. ఆ సందులో పీడనంతో నిలిచిన ఆయిల్ పొర లోహాన్ని లోహం తాకకుండా కాపాడుతుంది.

మట్టం కనిష్ఠ గుర్తు కంటే బాగా పడిపోతే, గట్టిగా బ్రేకు వేసినప్పుడో, తిరుమల ఘాట్ రోడ్డు లాంటి చోట వరుస మలుపులు తిరిగేటప్పుడో ఆయిల్ ఒక పక్కకు ఒరిగి జాలీ బయటపడుతుంది. పంపు గాలి పీలుస్తుంది. క్షణకాలమైనా బేరింగులు పొడిబారతాయి. పైగా తక్కువ ఆయిల్ ఎక్కువసార్లు తిరుగుతుంది, త్వరగా వేడెక్కుతుంది, త్వరగా పాడవుతుంది.

డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ డబ్బా బొమ్మతో వెలిగే ఎర్ర దీపాన్ని నమ్ముకుని మట్టం చూడడం మానేసేవారు చాలామంది ఉన్నారు. ఇది ప్రమాదకరమైన అలవాటు. సాధారణంగా ఆ దీపం చెప్పేది ఆయిల్ పీడనం గురించి, మట్టం గురించి కాదు. పీడనం దాదాపు పడిపోయాకే అది వెలుగుతుంది. బండి నడుస్తుండగా వెలిగిందంటే వెంటనే పక్కకు ఆపి ఇంజన్ కట్టేయాలి. కొన్ని కార్లలో మట్టానికి విడిగా పసుపు దీపం ఉంటుంది.

మట్టం మించితే

ఎక్కువ ఆయిల్ పోస్తే ఇంజన్‌కు మేలేనని అనుకునేవారున్నారు. అది నిజం కాదు. క్రాంక్‌షాఫ్ట్ నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. ఆయిల్ మట్టం దాని బరువు దిమ్మెలను తాకేంత పెరిగితే, కవ్వం కింద మజ్జిగలా ఆయిల్ నురగ కడుతుంది. నురగ అంటే గాలి కలిసిన ఆయిల్. గాలి నొక్కుకుపోతుంది కనుక బేరింగు దగ్గర పొర నిలవదు, ఆయిల్ పీడనంతో పనిచేసే వాల్వు లిఫ్టర్లు టకటకమంటాయి. అంటే మరీ ఎక్కువ పోసినా చివరికి మరీ తక్కువ పోసిన ఫలితమే వస్తుంది. ఆయిల్ క్రాంక్‌షాఫ్ట్ తిరుగుడుకు అడ్డుపడుతుంది కనుక ఇంధనం కూడా ఎక్కువ ఖర్చవుతుంది.

మిగులు ఆయిల్, ఇంజన్ లోపలి ఆవిర్లు పోయే బ్రీదర్ గొట్టం గుండా గాలి లోపలికి వెళ్ళే దారిలోకి చేరి, సిలిండర్లలో కాలి, నీలం పొగ రావచ్చు. పెట్రోలు కారులో అలా కొంతకాలం సాగితే పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది. డీజిల్ కారులో ప్రమాదం ఇంకా పెద్దది. డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ అక్కర్లేదు, వేడి గాలిలో ఆయిల్ ఆవిరి కూడా దానికి ఇంధనమే. లోపలికి చేరే ఆయిల్ ఎక్కువైతే తాళం తిప్పినా ఆగకుండా ఇంజన్ తనంతట తాను వేగం పెంచుకుంటూ పోయి పగిలిపోవచ్చు.

గరిష్ఠ గుర్తు మీద నూరు మిల్లీలీటర్లు ఎక్కువైతే సాధారణంగా కంగారుపడనక్కర్లేదు. అర లీటరు ఎక్కువైతే మాత్రం తీసేయాలి, తీశాకే బండి నడపాలి.

మాన్యువల్‌లో అంకె, డబ్బాలో అంకె

చాలా కార్ల మాన్యువళ్ళలో ఆయిల్ పరిమాణం రెండు రకాలుగా ఉంటుంది: ఫిల్టర్ మార్చితే ఎంత, మార్చకపోతే ఎంత. భారతదేశంలోనూ అమెరికాలోనూ అమ్ముడైన టొయోటా కరోలా 1.8 లీటర్ల పెట్రోలు ఇంజన్ 2జెడ్ఆర్-ఎఫ్ఈని చూద్దాం. ఫిల్టర్‌తో కలిపి దీనికి 4.2 లీటర్లు, ఫిల్టర్ మార్చకపోతే 3.9 లీటర్లు. తేడా 300 మిల్లీలీటర్లు. కొత్త ఫిల్టర్ తన కడుపులో ఉంచుకునేది అదే.

చిక్కు డబ్బా దగ్గర వస్తుంది. అమెరికాలో ఆయిల్ క్వార్టుల్లో అమ్ముతారు. ఒక క్వార్టు 0.946 లీటరు. అక్కడ అన్ని దుకాణాల్లో దొరికే పెద్ద డబ్బా అయిదు క్వార్టులది, అంటే సుమారు 4.73 లీటర్లు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఇంటి గ్యారేజీలో ఆయిల్ మార్చుకునే తెలుగువారు ఆ డబ్బా మొత్తం కరోలాలో ఒంపేస్తే అర లీటరు ఎక్కువవుతుంది. మన దగ్గర 3.5 లీటర్ల డబ్బా, ఒక లీటరు డబ్బా కొని రెండూ ఖాళీ చేస్తే 300 మిల్లీలీటర్లు మిగులు. డబ్బా పరిమాణాన్ని ఆయిల్ కంపెనీ నిర్ణయిస్తుంది. దానికీ మీ ఇంజన్‌కూ సంబంధం లేదు. మిగిలిన ఆయిల్‌ను మూత బిగించి దాచుకుంటే తరువాత కలుపుకోవడానికి పనికొస్తుంది.

అయితే మాన్యువల్ అంకె కూడా చివరి మాట కాదు. బోల్టు విప్పినప్పుడు పాత ఆయిల్ అంతా దిగదు. ఇంజన్ గోడల మీద, సన్నటి దారుల్లో, చాంబర్ మూలల్లో కొంత ఉండిపోతుంది. చల్లని ఇంజన్ అయితే ఎక్కువ, వేడి ఇంజన్ అయితే తక్కువ. బండి ముందు భాగం ఎత్తి పెట్టారా, అన్ని చక్రాలూ సమంగా ఉన్నాయా అన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. అందువల్ల మాన్యువల్ చెప్పినంతా ఒకేసారి పోయకూడదు.

పోసే పద్ధతి

ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు పాత ఆయిల్ బాగా దిగుతుంది. బండి కిందికి దూరేముందు జాకీ ఒక్కదాన్నే నమ్మకూడదు. గట్టి నేల మీద స్టాండ్లు గానీ ర్యాంపులు గానీ పెట్టి, చక్రాలకు అడ్డు వేయాలి. డ్రెయిన్ బోల్టు విప్పి, ధార తెగి చుక్కలుగా మారేదాకా ఆగాలి. బోల్టు వాషర్ కొత్తది వేయాలి. పాత ఫిల్టర్ విప్పినప్పుడు దాని రబ్బరు రింగు ఇంజన్‌కు అంటుకుని ఉండిపోలేదని తప్పక చూడాలి. పాత రింగు మీద కొత్త రింగు పడితే స్టార్ట్ చేసిన కొద్దిసేపట్లోనే ఆయిల్ బయటికి చిమ్ముతుంది. కొత్త ఫిల్టర్ రింగుకు కొత్త ఆయిల్ పూసి, అది ఆనిన తరువాత చేత్తోనే దాదాపు ముప్పావు చుట్టు బిగిస్తే చాలు. ఫిల్టర్ మీద వేరేగా రాసి ఉంటే అదే పాటించాలి.

ఇక ఆయిల్. కరోలా విషయంలో మొదట 3.5 లీటర్లు పోసి ఆగడం మంచిది. మరో కారైతే మాన్యువల్ చెప్పినదానికంటే అర లీటరు నుంచి ముప్పావు లీటరు తక్కువ. మూత పెట్టి స్టార్ట్ చేస్తే ఎర్ర దీపం కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే వెంటనే ఆపేయాలి. యాక్సిలరేటర్ తొక్కకుండా ఒకటి రెండు నిమిషాలు తిరగనిచ్చి, కింద కారడం లేదని చూసుకుని ఆపాలి. ఈ దశ వదిలేసి మట్టం చూసేవారు మోసపోతారు. స్టార్ట్ చేయకముందు ఫిల్టర్ ఖాళీగా ఉంటుంది. అందులోకి వెళ్ళవలసిన ఆయిల్ చాంబర్‌లోనే నిలిచి డిప్‌స్టిక్ మీద ఎక్కువ చూపిస్తుంది. స్టార్ట్ చేశాక మట్టం దిగడం సహజం.

బండిని దించి చదునైన నేల మీద నిలిపి, కనీసం అయిదు నిమిషాలు ఆగి, అప్పుడు డిప్‌స్టిక్ తీయాలి. మొదటిసారి తీసినప్పుడు గొట్టం గోడలకు అంటిన ఆయిల్ కూడా పుల్ల మీదికి వస్తుంది. తుడిచి, చివరంటా దింపి, మళ్ళీ తీసి చూడాలి. పుల్ల మొన కిందికే ఉండాలి. పైకెత్తితే ఆయిల్ వెనక్కి పాకి గీత చెదురుతుంది. కొత్త ఆయిల్ లేత తేనె రంగులో పలచగా ఉండి సరిగా కనిపించదు. తెల్ల కాగితం వెనక పెట్టి గానీ, వెలుతురుకు ఏటవాలుగా పట్టి గానీ చూస్తే అంచు తెలుస్తుంది. రెండు పక్కలా వేర్వేరుగా కనిపిస్తే తక్కువ చూపిన పక్కను లెక్కలోకి తీసుకోవాలి.

చాలా కార్లలో రెండు గుర్తుల మధ్య దూరం సుమారు ఒక లీటరుకు సమానం. కచ్చితమైన అంకె మాన్యువల్‌లో ఉంటుంది. సగం దగ్గర ఉంటే అర లీటరు తక్కువన్నమాట. గరాటుతో 200 మిల్లీలీటర్ల చొప్పున పోస్తూ, ప్రతిసారీ రెండు మూడు నిమిషాలు ఆగి చూస్తూ, గరిష్ఠ గుర్తుకు కాస్త కింద ఆపడం ఉత్తమం. సరిగ్గా గీత మీదే ఉండాలన్న పట్టింపు వల్ల ఇంజన్‌కు ఒరిగేదేమీ లేదు. ఆ పట్టింపుతోనే చాలాసార్లు ఎక్కువ పోస్తారు. తీయడం పోయడం కంటే కష్టం: డ్రెయిన్ బోల్టు కొద్దిగా వదులు చేసి కొంత దింపాలి, లేదా డిప్‌స్టిక్ గొట్టంలోకి సన్నటి పైపు దించి సిరంజితో లాగాలి.

వేడి, వాలు, వేచి చూడడం

ఒకే కారు ఒకే రోజు రెండు రకాలుగా చూపడానికి మూడు కారణాలున్నాయి. మొదటిది వేడి. ఆయిల్ ప్రతి డిగ్రీ సెల్సియస్‌కూ సుమారు 0.07 శాతం వ్యాకోచిస్తుంది. నాలుగు లీటర్ల ఆయిల్ 20 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు చేరితే దాదాపు 200 మిల్లీలీటర్లు పెరుగుతుంది. రెండోది సమయం. ఇంజన్ ఆపిన వెంటనే కొంత ఆయిల్ పైభాగంలోనే ఉంటుంది కనుక మట్టం తక్కువగా కనిపిస్తుంది. మూడోది వాలు. అపార్ట్‌మెంటు సెల్లార్‌లో నీళ్ళు పోవడానికి ఇచ్చిన చిన్న వాలు కూడా రీడింగ్‌ను మార్చేస్తుంది. వేడి మీద చూడాలా, చల్లగా ఉన్నప్పుడా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. ఒకే స్థలంలో, ఒకే పద్ధతిలో ప్రతిసారీ చూస్తే పోల్చుకోవడానికి వీలుంటుంది.

అన్ని ఇంజన్లకూ ఇదే పద్ధతి చెల్లదు. గాలితో చల్లబడే పాత పోర్షే 911లో ఆయిల్ విడి ట్యాంకులో ఉంటుంది. దాని మట్టం ఇంజన్ వేడెక్కి, నెమ్మదిగా తిరుగుతుండగానే చూడాలి. బీఎండబ్ల్యూ 2000ల మధ్య నుంచి అనేక మోడళ్ళలో డిప్‌స్టిక్ తీసేసి, సెన్సర్ రీడింగ్‌ను తెర మీద చూపిస్తోంది. అలాంటి కారులో కొలిచే ప్రక్రియ ముగిసేదాకా తొందరపడి పోయకూడదు. హోండా తరహా మోటారు సైకిళ్ళలో డిప్‌స్టిక్ మూతను మర బిగించకుండా కేవలం ఆనించి చూస్తారు. బిగించి చూస్తే మట్టం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

తరువాతి రోజుల్లో

ఆయిల్ మార్చిన మర్నాడు ఒకసారి, కొన్ని వందల కిలోమీటర్ల తరువాత మరోసారి మట్టం చూడాలి. ఆ తరువాత నెలకోసారి చాలు. కొంత తగ్గడం లోపం కాదు. ఫోక్స్‌వ్యాగన్ మాన్యువళ్ళు వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు వరకు ఖర్చు కావచ్చని రాస్తాయి.

మట్టం పెరిగితే మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. ఆయిల్ తనంతట తాను పెరగదు, అందులోకి ఇంకేదో చేరుతోంది. పాల రంగు కనిపిస్తే కూలెంట్ కలిసిందన్న అనుమానం బలపడుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో అమలైన బీఎస్-6 కాలుష్య ప్రమాణాల డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసిని కాల్చడానికి అదనంగా చిమ్మే డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల వెంట దిగి ఆయిల్‌లో కలుస్తుంది. రోజూ అయిదారు కిలోమీటర్లే తిరిగే బండిలో మసి పూర్తిగా కాలకుండానే ఇంజన్ ఆపేస్తారు కనుక ఇది ఎక్కువ. మాజ్దా తన స్కైయాక్టివ్ డీజిల్ ఇంజన్ల డిప్‌స్టిక్ మీద గరిష్ఠ గుర్తుకు పైన ఎక్స్ గుర్తు పెట్టింది ఇందుకే: ఆయిల్ అక్కడికి చేరితే వెంటనే మార్చేయాలి. డీజిల్ కలిసిన ఆయిల్ పలచబడి బేరింగులను కాపాడలేదు.

వారంటీలో ఉన్న కారుకు సొంతంగా ఆయిల్ మార్చేముందు షరతులు చదవడం, ఆయిల్, ఫిల్టర్ బిల్లులు దాచడం అవసరం. తీసిన పాత ఆయిల్ మన దేశంలో 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల పరిధిలోకి వస్తుంది. 2024 ఏప్రిల్ నుంచి దాన్ని తిరిగి సేకరించి శుద్ధి చేయించే బాధ్యత ఆయిల్ ఉత్పత్తిదారుల మీద కూడా ఉంది. దాన్ని కాలువలోనో మట్టిలోనో పారబోయకండి. మూత ఉన్న డబ్బాలో పోసి, పాత ఆయిల్ సేకరించే సర్వీసు సెంటరులో ఇవ్వండి.