అభిరుచి వడ్రంగం

అభిరుచి వడ్రంగం అనగా కొయ్యపనిని జీవనోపాధిగా కాక ఇష్టంతోనూ, ఇంటి అవసరం కోసమూ చేపట్టి పీటలు, బల్లలు, అరలు, మంచాలు మొదలైన సామానును స్వయంగా తయారు చేసుకోవడం, వాడి పాతబడిన సామానును విప్పి, బిగించి, తిరిగి మెరుగు పెట్టుకోవడం. వృత్తి వడ్రంగికి చిన్ననాటి నుండి అలవడిన చేతి ఒడుపు ఉంటుంది, కానీ పనిని గడువులోగా అప్పగించాలి. అభిరుచితో చేసేవారికి ఒడుపు తక్కువ, వ్యవధి ఎక్కువ. అందువలన వారికి నప్పే పద్ధతులు కొంత వేరుగా ఉంటాయి.

చెట్టు నుండి వేరైన తరువాత కూడా కొయ్య గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, తేమను వదిలి కుంచించుకుపోతుంది. సామాను ఎంతకాలం నిలుస్తుంది, చెడినపుడు బాగుచేయడానికి వీలవుతుందా అన్నది చాలావరకు ఈ కదలికకు చోటిచ్చారా లేదా అన్నదానిపై ఆధారపడి ఉంటుంది.

చరిత్ర

తెలుగునాట కొయ్యపని ప్రధానంగా విశ్వబ్రాహ్మణులలోని వడ్రంగుల కులవృత్తిగా సాగింది. నాగలి, బండి, గుమ్మం, మంచం అన్నీ వారి చేతి మీదుగానే తయారయ్యేవి. రైతులు గొడ్డలి పిడి, పార పిడి వంటివి తామే చెక్కుకున్నా, ఇంటి సామాను చేసుకునే అలవాటు తక్కువ. లండనులో జోసెఫ్ మాక్సన్ 1678 నుండి భాగాలుగా వెలువరించిన "మెకానిక్ ఎక్సర్‌సైజెస్" వడ్రంగం, కమ్మరం వంటి పనులను ఇంగ్లీషులో విడమరచి చెప్పిన తొలి పుస్తకాలలో ఒకటి. అంతవరకు గురుశిష్య సంబంధంతో మాత్రమే అందిన విద్య అప్పటి నుండి పుస్తకం ద్వారా కూడా అందసాగింది.

పాఠశాలలలోకి ఈ పని రావడం ముఖ్యమైన మలుపు. ఫిన్లాండులో ఊనో సిగ్నేయస్ కృషి వలన 1866లో గ్రామీణ పాఠశాలల బాలురకు చేతిపని తప్పనిసరి అయింది. స్వీడనులోని నేస్ అనే చోట ఒట్టో సాలమన్ ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి, స్లాయిడ్ అనే పద్ధతిని ఇతర దేశాలకు వ్యాపింపజేశాడు. దీని ఉద్దేశం పిల్లలను వడ్రంగులుగా చేయడం కాదు. కన్ను, చేయి, ఓర్పు ఒకటిగా పనిచేయడం నేర్పడం. మన దేశంలో 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించగా జాకిర్ హుస్సేన్ సంఘం రూపమిచ్చిన మౌలిక విద్యలో వడ్రంగానికి కూడా చోటు లభించింది. అయితే రాట్నానికి దక్కిన ప్రాచుర్యం ఉలికి దక్కలేదు.

విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకునే సామాను ఇటీవల మన నగరాలలో వాడుకలోకి వచ్చింది. ఐకియా సంస్థ భారతదేశంలో తన తొలి దుకాణాన్ని 2018 ఆగస్టులో హైదరాబాదులోనే తెరిచింది. మరలు తిప్పి బిగించడం వడ్రంగం కాకపోయినా, కొందరికి అది తొలి మెట్టు అవుతున్నది.

కొయ్య స్వభావం

కొయ్య పొడవున దాదాపుగా మారదు. మార్పంతా నారకు అడ్డంగా, అనగా వెడల్పులోను, మందంలోను ఉంటుంది. మొద్దులోని వలయాలను అనుసరించే దిశలో వచ్చే మార్పు, మధ్య నుండి బెరడు వైపుకు వచ్చే మార్పుకు సుమారు రెట్టింపు. టేకు ఈ విషయంలో నిదానమైన కలప. అయినా 60 సెంటీమీటర్ల వెడల్పు గల టేకు బల్లలో వేసవికీ వానాకాలానికీ మధ్య తేమ 4 శాతం మారితే, పలకలు కోసిన తీరును బట్టి వెడల్పు 2 నుండి 4 మిల్లీమీటర్ల వరకు మారుతుంది. ఆ పలకను నాలుగు వైపులా జిగురుతో, మేకులతో కదలకుండా బంధిస్తే అది బీట వారక తప్పదు. పాత తలుపులలో, బీరువాలలో పలకను చట్రపు గాడిలో జిగురు లేకుండా వదులుగా కూర్చోబెట్టడానికి కారణం ఇదే. వానాకాలంలో తలుపు బిగుసుకుపోయిందని అంచులను చిత్రిక పట్టిస్తే, మళ్ళీ వేసవిలో సందు కనబడుతుంది.

కలపలో తేమ ఎంత ఉండవచ్చో తెలిపే భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 287 దేశాన్ని వాతావరణాన్ని బట్టి మండలాలుగా విభజించింది. విశాఖపట్నంలో చేసిన సామాను అనంతపురం చేరితే ఎండి సడలుతుంది. శీతల దేశాలలో కొయ్యను గాలికి ఆరబెట్టడానికి అంగుళం మందానికి ఒక ఏడాది అనే లెక్క ఉంది. మన ఎండలకు అంతకంటె ముందే ఆరుతుంది. కానీ తొందరగా ఆరినది చివరల నుండి పగులుతుంది గనుక, నీడలో, పలకకు పలకకు మధ్య సన్నని కర్రలు ఉంచి, చివరలకు రంగు గాని మైనం గాని పూసి ఆరబెట్టాలి.

కలప ఎంపిక

టేకు, నల్లమద్ది, వేగిస, జిట్రేగి పేరుపొందిన కలపలు. నేర్చుకునేవారు ఖరీదైన కలపతో మొదలుపెట్టనవసరం లేదు. వేప, మామిడి, తుమ్మ వంటివి చవకగా లభిస్తాయి. వేపను పురుగు త్వరగా ముట్టదు, కాని వంకర తిరుగుతుంది. మామిడి మెత్తగా పనికి లొంగుతుంది, కాని పురుగుకు కూడా లొంగుతుంది. కొయ్య తొలిచే పురుగులకు కావలసినది తెల్లచెక్కలోని పిండిపదార్థం. చేవ గల భాగాన్నే ఎంచుకోవడం సగం రక్షణ. టేకులో సహజంగా ఉండే నూనె చెదలకు అడ్డు. అదే నూనె జిగురుకు కూడా అడ్డు కనుక, అతికించే ముందు ఆ ముఖాన్ని థిన్నరుతో తుడవాలి. టేకులోని సిలికా వలన ఉలి త్వరగా మొద్దుబారుతుంది.

పాత ఇళ్ళు కూల్చినపుడు వచ్చే దూలాలు, వాసాలు, తలుపు చెక్కలు అభిరుచి వడ్రంగికి అన్నిటికంటె మేలైన ముడిసరుకు. దశాబ్దాల తరబడి ఆరి నిలకడకు వచ్చిన కలప కొత్త అడితీలో దొరకడం కష్టం. లోపల విరిగి ఉండిపోయిన మేకులను అయస్కాంతంతో వెదకి తీయకుండా రంపం పెట్టరాదు. ఏ కలప కొన్నా బిల్లు తీసుకోవడం అవసరం. ఎర్రచందనాన్ని అనుమతి పత్రాలు లేకుండా దగ్గర ఉంచుకోవడం నేరం.

పనిముట్లు

రంపం, చిత్రిక, రెండు మూడు వెడల్పులలో ఉలులు, కొయ్య సుత్తి, మూలమట్టం, బరమా, సానరాయి, నాలుగు క్లాంపులు ఉంటే చాలా పనులు చేయవచ్చు. మొదటే విద్యుత్ యంత్రాలు కొనేవారు ఎక్కువ. కానీ పని చెడడానికి యంత్రం లేకపోవడం కంటె పదును లేకపోవడమే తరచు కారణం. మొండి ఉలి కొయ్యను కోయదు, చీలుస్తుంది. దానికి ఎక్కువ బలం వాడవలసి రావడంతో చేయి జారి గాయపడేది కూడా దానితోనే. మన రంపాలు ఎక్కువగా నెట్టినపుడు కోస్తాయి, జపాను రంపాలు లాగినపుడు కోస్తాయి.

అతుకులు

ఒక చెక్క చివరను నాలుకలా సన్నగా మలచి (దీనిని కుసి అంటారు), రెండవ చెక్కలో తొలిచిన రంధ్రంలో దిగగొట్టడం కొయ్యపనిలో ప్రధానమైన అతుకు. కుసి మందం చెక్క మందంలో సుమారు మూడవ వంతు ఉండడం వాడుక. అడ్డంగా రంధ్రం వేసి వెదురు మేకు దిగగొడితే జిగురు లేకపోయినా నిలుస్తుంది. సొరుగులకు డవ్‌టెయిల్ అతుకు వాడతారు. దానిని చేతితో కోయడానికి సాధన కావాలి. తొలి ప్రయత్నంలోనే సందు లేకుండా రావాలని ఆశించరాదు.

నులక మంచం ఈ విద్యకు మంచి పాఠం. కోళ్ళలోని రంధ్రాలలో పట్టెల కుసులు జిగురు లేకుండానే కూర్చుంటాయి. నులకను గాని నవారును గాని లాగి అల్లినపుడు ఆ బిగువే పట్టెలను కోళ్ళలోకి లాగి పట్టి ఉంచుతుంది. నులక సడలితే మంచం ఊగుతుంది, మళ్ళీ బిగిస్తే నిలుస్తుంది. విరిగిన పట్టెను మాత్రమే మార్చుకోవచ్చు.

నేర్చుకునేవారు సాధారణంగా పీటతో మొదలుపెడతారు. పలక కింద అడ్డంగా రెండు పట్టీలు వేయడమే కదా అనిపిస్తుంది. ఆ పట్టీలను పొడవునా జిగురు పూసి అతికిస్తే కొన్ని ఋతువులు గడిచేసరికి పలక పగులుతుంది. పట్టీని గాడిలోకి జరిపి మధ్యలో మాత్రమే బిగించాలి. మరమేకులు వాడితే చివరి రంధ్రాలను కొంచెం పొడవుగా కోయాలి.

పాత సామాను పునరుద్ధరణ

పూర్వకాలపు వడ్రంగులు వాడిన సరేసు జంతువుల చర్మం, ఎముకల నుండి తీసిన జిగురు. వేడినీటి తడి తగిలితే అది మెత్తబడుతుంది. అందుచేత వదులైన పాత కుర్చీని విరగకుండా విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ బిగించవచ్చు. 1959లో వచ్చిన ఫెవికాల్ వంటి తెల్లజిగురులు వాడకానికి ఎంతో సులువు. కానీ ఆరిన జిగురు మీద కొత్త జిగురు పట్టదు. పాత పొర పూర్తిగా గీకివేయకుండా మళ్ళీ పూస్తే అతుకు కొన్నాళ్ళకే ఊడుతుంది. ఎపాక్సీతో అతికించినది విప్పడం మరింత కష్టం. ఊగే కుర్చీకి మేకు కొట్టడం అన్నిటికంటె హానికరమైన మరమ్మతు. మేకు కుసిని చీల్చి, ఆ తరువాత చేసే మంచి మరమ్మతుకు కూడా అవకాశం లేకుండా చేస్తుంది. కుర్చీలు ముందుగా సడలేది వెనుక కాళ్ళకు కూర్చునే చట్రం కలిసే చోట. వెనక్కి వాలినపుడు బరువంతా అక్కడ పడుతుంది.

మెరుగు గీకేముందు అది ఏమిటో తెలుసుకోవాలి. కనబడని చోట స్పిరిటు చుక్క వేస్తే మెత్తబడి అంటుకుంటే అది లక్క. స్పిరిటుకు లొంగక థిన్నరుకు కరిగితే లాకర్. రెండింటికీ లొంగకపోతే పాలియురెథేన్ గాని మెలమైన్ గాని అయి ఉంటుంది. లక్క మెరుగు అయితే తరచు గీకనవసరమే లేదు. టర్పెంటైన్‌తో మురికి తుడిచి, పలుచని కొత్త పూత వేస్తే పాత పొర కొంత కరిగి కొత్తదానిలో కలిసిపోతుంది. వేడి గిన్నె పెట్టినపుడు పడే తెల్లని మచ్చలు చాలావరకు పై పొరలో చిక్కుకున్న తేమ మాత్రమే. తాతల నాటి భోషాణాన్ని కొత్తదానిలా మెరిపించాలనే ఆత్రంతో గరుకు కాగితంతో రుద్దితే, చేతుల రాపిడితో, వెలుగుతో ఏళ్ళ తరబడి వచ్చిన రంగు ఒక్క పూటలో పోతుంది. అది మళ్ళీ రాదు.

గీకక తప్పనపుడు ఉక్కు రేకుతో గీకి, గరుకు కాగితాన్ని (ఉప్పు కాగితం) 80, 120, 180, 220 వరుసలో నార వెంబడే రుద్దాలి. అడ్డంగా పడిన గీతలు పచ్చి చెక్క మీద కనబడవు, పాలిష్ వేశాక బయటపడతాయి. దెబ్బ తగిలి గుంటపడిన చోట తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె అదిమితే, నలిగిన నార ఆవిరికి ఉబ్బి చాలావరకు పైకి వస్తుంది. నార తెగినచోట ఇది పనిచేయదు. అక్కడ లప్పం పెట్టాలి.

మెరుగు పెట్టడం

లక్కను కెరియా లక్కా అనే కీటకం చెట్ల కొమ్మల మీద స్రవిస్తుంది. భారతదేశంలో లక్క ఎక్కువగా ఝార్ఖండ్ ప్రాంతంలో లభిస్తుంది. 1924లో రాంచీ సమీపంలోని నాంకుంలో లక్క పరిశోధన సంస్థను నెలకొల్పారు. అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ రంగు లక్క కడ్డీని అదిమితే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ఇంటి సామానుకు చపడా లక్కను స్పిరిటులో కరిగించి వాడతారు. లీటరుకు 120 నుండి 240 గ్రాములు చాలు. దూదిని నూలుగుడ్డలో చుట్టి, ద్రావణంలో తడిపి, పలుచని పూతలు అనేకం వేస్తారు. ఒక మందపు పూత పది పలుచని పూతలకు సాటి రాదు. నెలల తరబడి నిలవ ఉన్న ద్రావణం సరిగా గట్టిపడదు. ముసురు పట్టిన రోజున వేస్తే పూత తెల్లబారుతుంది. కోస్తాలో ఈ పనిని వానలు వెనుకపట్టాక పెట్టుకోవడం మంచిది. భోజనపు బల్లకు నీరు, వేడి తగులుతాయి కనుక పాలియురెథేన్ ఎక్కువ మన్నుతుంది. మరమ్మతు వచ్చినపుడు మాత్రం దానిని మొత్తం గీకవలసిందే. అవిసె నూనె, టర్పెంటైన్‌లో కరిగించిన తేనెమైనం ఎవరైనా వేయగల సులభమైన పూతలు.

ఆరోగ్యం, చట్టం

1995లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ కొయ్య ధూళిని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. గరుకు కాగితం పట్టేటపుడు మూతికి ముసుగు తప్పనిసరి. పాత రంగులలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. భారతదేశంలో ఇంటి రంగులలో సీసాన్ని 90 పి.పి.ఎం.కు పరిమితం చేసే నిబంధనలు 2016లో వెలువడి, 2017 నవంబరు నుండి అమలయ్యాయి. అంతకు ముందరి రంగును పొడిగా రుద్దరాదు, మంటతో కాల్చరాదు. తడిపి గీకి, పిల్లలకు అందకుండా పారవేయాలి. రంగు ఊడదీసే కొన్ని ద్రవాలలో ఉండే మిథిలీన్ క్లోరైడు మూసిన గదిలో ప్రాణాంతకం. ఇటువంటి ద్రవాలను సాధారణ వినియోగదారులకు అమ్మడాన్ని అమెరికా 2019లో నిషేధించింది.

విదేశాలలో స్థిరపడిన తెలుగువారు తాతల నాటి మందసాలను తీసుకువెళ్ళాలనుకోవడం కద్దు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన కళాత్మక వస్తువులను వ్యక్తులు దేశం వెలుపలికి తీసుకుపోరాదు.

అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండలా చుట్టి మూలన పడవేయరాదు. ఆ నూనె ఆరేటపుడు గాలిలోని ఆక్సిజనుతో కలిసి వేడి పుడుతుంది. ఉండలోని వేడి బయటికి పోలేక, నిప్పు తగలకపోయినా గుడ్డ అంటుకుంటుంది. వాటిని ఆరుబయట విడివిడిగా పరచి ఆరబెట్టాలి, లేదా నీళ్ళలో ముంచి ఉంచాలి.